పడుకుని లేస్తే తిరిగొచ్చే చెయ్యి

ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోతాయి. పడుకుని లేస్తే తిరిగొస్తాయి. కొన్నాళ్ళకి అదే రెండో పక్క. మా పాపకున్న ఈ జబ్బు పేరు ఆల్టర్నేటింగ్ హెమిప్లీజియా ఆఫ్ చైల్డ్‌హుడ్. డాక్టర్లూ మేమూ ఏహెచ్‌సీ అంటాం. పుట్టే 10 లక్షల మందిలో ఒకరికి అని మొదట్లో అనేవారు, లక్షకి ఒకరన్న అంచనా కూడా ఉంది. ఏదైనా అరుదే. విశాఖలో పిల్లల డాక్టర్లు చాలామంది దీని గురించి చదివి ఉంటారు తప్ప కళ్ళారా చూసి ఉండరు, అది వాళ్ళ తప్పు కాదు. చూపించే పని మన మీద పడుతుంది.

ముందు ఒక హెచ్చరిక. ఏ పిల్లకైనా మొట్టమొదటిసారి ఒక పక్క పడిపోతే అది ఏహెచ్‌సీ అనుకుని ఇంట్లో పడుకోబెట్టకండి. పిల్లలకీ స్ట్రోక్ వస్తుంది. తక్షణం క్యాజువాలిటీకి తీసుకెళ్ళి స్కాన్ చేయించాల్సిందే. కింద రాసిందంతా జబ్బు తేలిన తర్వాత మాట.

దీన్ని మొదట 1971లో వెర్రెట్, స్టీల్ అనే ఇద్దరు డాక్టర్లు ఎనిమిది మంది పిల్లల్లో గుర్తించి రాశారు. గుర్తుపట్టే లక్షణాలు ఇవి: మొదటి అటాక్ 18 నెలల లోపు రావడం, పక్కలు మారడం, అప్పుడప్పుడు రెండు పక్కలూ ఒకేసారి పడిపోవడం, చేతులు మెలితిరిగి బిగుసుకుపోవడం, నిద్రపోతే అన్నీ సర్దుకోవడం, ఎదుగుదల వెనకబడటం. వీటన్నిటికన్నా ముందే, చాలామందిలో మూడు నెలల లోపే, కళ్ళు చెబుతాయి. ఒక కన్నే వణుకుతుంది, రెండోది నిలకడగా ఉంటుంది. రెండు కళ్ళూ కలిసి వణకడానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ, ఒక్క కన్నే అలా అటాకులుగా వణికితే ఈ జబ్బు గురించి తప్పకుండా అడగాలి.

చాలామంది పిల్లలకి మొదట ఫిట్స్ అని మందులు మొదలవుతాయి. తేడా పట్టుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. చెయ్యి పడిపోయిన అటాక్‌లో పాపకి తెలివి ఉంటుంది. పేరు పిలిస్తే కళ్ళు తిప్పుతుంది, ఏడుస్తుంది, బొమ్మ చూపిస్తే బాగున్న చేత్తో అందుకోబోతుంది. ఎత్తి వదిలితే చెయ్యి ధబ్బున పడుతుంది, కొట్టుకోదు. ఆ సమయంలో ఈఈజీ, అంటే మెదడు విద్యుత్తుని గీతలుగా చూపే పరీక్ష, తీస్తే ఫిట్స్ గీతలు కనిపించవు. అయితే ఏహెచ్‌సీ పిల్లల్లో దాదాపు సగం మందికి వేరేగా నిజమైన ఫిట్స్ కూడా ఉంటాయి. అందుకే పాపని వీడియో తీస్తూ చాలాసేపు చేసే వీడియో ఈఈజీ కావాలి. మామూలు అరగంట ఈఈజీలో అటాక్ దొరకదు.

ఫోన్ వీడియో ఎలా తియ్యాలో చెబుతాను, ఎందుకంటే డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి పాప హాయిగా నడుస్తూ ఉంటుంది, మన మాట ఎవరూ నమ్మరు. మొదట ముఖం దగ్గరగా, రెండు కళ్ళూ కనిపించేలా ఒక పది సెకన్లు. తర్వాత ఒంటినంతా. పేరు పిలవండి, ఆ పిలుపు వీడియోలో వినిపించాలి. రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి వదలండి, తర్వాత కాళ్ళు. ఏది కుడి, ఏది ఎడమ అన్నది నోటితో చెప్పండి, ఫోన్ ముందు కెమెరాలో పక్కలు తారుమారు కావచ్చు. నిద్రలేచిన వెంటనే మరొకటి తియ్యండి. ఈ రెండో వీడియోనే చాలామంది మర్చిపోతారు. జబ్బుని పట్టిచ్చేది అదే.

పరీక్షల్లో ఎంఆర్ఐ మామూలుగా బాగానే ఉంటుంది. దాంతోపాటు మెదడు రక్తనాళాల ఎంఆర్ఏ కూడా తీయించుకోవాలి, మోయామోయా అనే రక్తనాళాల జబ్బూ పక్కలు మార్చి పడగొడుతుంది. వెన్ను నీరు పరీక్ష అంటే మనవాళ్ళు హడలిపోతారు. కానీ గ్లూట్-1 లోపం అనే జబ్బు ఇలాగే కనిపిస్తుంది, దానికి కీటోజెనిక్ డైట్ (కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండే తిండి) అనే మంచి వైద్యం ఉంది. తేల్చేది ఆ నీళ్ళలోని గ్లూకోజే. కొన్ని గంటలు పస్తు పెట్టి, రక్తం ముందు తీసి వెంటనే వెన్ను నీరు తియ్యాలి. రక్తంలో ఉన్నదాంట్లో 60 శాతం చుట్టుపక్కల ఉండాల్సిన గ్లూకోజ్ అంతకన్నా బాగా తగ్గితే అనుమానించాలి. రక్తం పరీక్ష పొద్దున, వెన్ను నీరు మధ్యాహ్నం చేస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు.

జన్యు పరీక్షకి కావలసింది కాస్తంత రక్తం, పాపదీ తల్లిదండ్రులదీ కలిపి. ఏటీపీ1ఏ3 అనే జన్యువులో మార్పు దొరికితే జబ్బు ఖాయం. ఈ జన్యువుకీ జబ్బుకీ ఉన్న లంకె 2012లో బయటపడింది. నాలుగింట మూడొంతుల మందిలో ఈ మార్పే దొరుకుతుంది, దొరకనంత మాత్రాన జబ్బు కాదని కాదు. నరాల కణాల్లోంచి సోడియం బయటికి తోసి పొటాషియం లోపలికి లాగే పంపుని తయారు చేసేది ఈ జన్యువే. అపార్ట్‌మెంట్ మోటారు బలహీనమైతే మామూలప్పుడు ట్యాంకు నిండుతూనే ఉంటుంది, పొద్దున్నే అందరూ ఒక్కసారి కుళాయిలు తిప్పితే అందుకోలేదు. ఇదీ అంతే. అలసట, ఎండ, ఉద్వేగం వచ్చినప్పుడే బయటపడుతుంది.

ఇక మేనరికం మాట. పెద్దవాళ్ళు ముందు అడిగేది అదే. ఈ మార్పు దాదాపు ఎప్పుడూ పాపతోనే కొత్తగా మొదలవుతుంది, అమ్మలోనూ నాన్నలోనూ ఉండదు. మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. రెండో బిడ్డకి వచ్చే అవకాశం సుమారు 1 శాతం. ఈ సంగతి జెనెటిక్ కౌన్సెలర్‌తో అత్తగారి ముందే చెప్పించడం మంచిది.

మందుల్లో మొదటిది ఫ్లూనరిజిన్. మన మెడికల్ షాపుల్లో మైగ్రేన్ మందుగా 5, 10 మిల్లీగ్రాముల మాత్రలు దొరుకుతాయి. రాత్రిపూట తక్కువ మోతాదుతో మొదలుపెట్టి సాధారణంగా రోజుకి 5 నుంచి 10 మిల్లీగ్రాముల దాకా తీసుకెళ్తారు, పాప బరువు చూసి డాక్టరే నిర్ణయిస్తారు. అటాకుల్ని పూర్తిగా ఆపదు. వాటి సంఖ్యా, తీవ్రతా, సాగే సమయమూ తగ్గిస్తుంది. ఒంట్లో చాలా నిదానంగా పేరుకునే మందు కాబట్టి ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులకే లాభం లేదని మానెయ్యకండి. మత్తు, బరువు పెరగడం, ముభావంగా ఉండటం గమనించాలి. ఉన్నట్టుండి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదు, అలా ఆపేశాక నడకా మాటా పోగొట్టుకున్న పిల్లల గురించి వైద్య పత్రికల్లో వచ్చింది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తర్వాత ఊళ్ళో షాపులూ కరెంటూ ఎలా ఉన్నాయో విశాఖవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఒక నెల మందు ఎప్పుడూ అదనంగా ఇంట్లో ఉండాలి.

కొందరికి టోపిరమేట్ కలుపుతారు. ఫిట్స్ కూడా ఉంటే బాగా పనికొస్తుంది. కానీ ఈ మందు చెమట తగ్గిస్తుంది. మే నెలలో మన ఉక్కపోతలో చెమట పట్టని పిల్లకి ఒళ్ళు కాలిపోతుంది, వేడేమో అటాక్‌కి పెద్ద కారణం. టోపిరమేట్ మీద ఉన్న పిల్లకి మధ్యాహ్నం బయట పని పెట్టకూడదు, నీళ్ళు ఎక్కువ తాగించాలి.

అటాక్ మొదలయ్యాక మా ఇంట్లో జరిగేది ఇది. టైము చూసి గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు గడిలోనే రాస్తాం: కుడికి ఎర్ర పెన్ను, ఎడమకి నీలం, రెండూ అయితే నలుపు. కింద మొదలైన టైము, పడుకున్న టైము, అంతకుముందు ఏం చేసిందీ రెండు ముక్కల్లో. తెలుగు క్యాలెండర్‌లో తిథి, వర్జ్యం పక్కన ఇంత చోటు ఉంటుంది, చాలు. డాక్టరు ఆర్నెల్ల కాగితాలు ఒక్కసారి తిప్పితే మందు పనిచేస్తోందో లేదో రంగుల్లోనే తెలిసిపోతుంది.

తర్వాత నిద్ర. గది చీకటి చెయ్యాలి, ఫ్యాన్ వెయ్యాలి, టీవీ ఆపాలి, చూడటానికొచ్చిన చుట్టాల్ని హాల్లో కూర్చోబెట్టాలి. దిష్టి తీసేవాళ్ళని ఆపలేం, గుమ్మం బయట తీయమంటాం. ఎండుమిరపకాయల ఘాటులో ఏ పిల్లా పడుకోదు. తనంతట తను పడుకోకపోతే డాక్టరు రాసిచ్చిన నిద్ర మందు, మెలటోనిన్ గానీ ట్రైక్లోఫాస్ సిరప్ గానీ. ఇక్కడే తప్పు జరుగుతుంది. సిరప్ మింగడం పోకముందే పట్టాలి. రెండు పక్కలూ పడిపోయి చొంగ కారుతుంటే గొంతు కూడా బలహీనపడిందని అర్థం, అప్పుడు పోసిన సిరప్ ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఆ సమయానికి ముక్కులో కొట్టే మిడాజోలామ్ స్ప్రే ఉండాలి. సాధారణ మోతాదు కిలోకి 0.2 మిల్లీగ్రాములు. పఫ్‌కి 0.5 మిల్లీగ్రాములు వచ్చే బాటిలైతే 10 కిలోల పిల్లకి నాలుగు పఫ్‌లు, ముక్కు రంధ్రానికి రెండేసి. బాటిల్ బలం మారితే లెక్క మారుతుంది కాబట్టి కొన్న ప్రతిసారీ లేబుల్ చదవాలి. సిరప్ ఇచ్చాక మళ్ళీ స్ప్రే కొట్టకూడదు, రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. డాక్టరు ప్రత్యేకంగా రాసిస్తే తప్ప.

పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగకూడదు, భుజం కీలు తొలుగుతుంది. అటాక్ రోజుల తరబడి సాగితే రెండు గంటలకోసారి పక్క మార్చాలి.

దీర్ఘంగా సాగే అటాకుల్లో తిండి నిద్ర లేచిన తర్వాతే. లేచాక సుమారు 10 నుంచి 20 నిమిషాలు ఒళ్ళు పూర్తిగా బాగుంటుంది, తర్వాత మళ్ళీ పడిపోవచ్చు. పాప లేచాక వంటగదిలోకి వెళితే ఆ సమయమంతా అక్కడే అయిపోతుంది. ముందే గిన్నెలో కలిపి పెట్టుకోవాలి. మొదట మాత్రలు, తర్వాత రాగిజావో మెత్తటి పెరుగన్నమో, చివర్లో నీళ్ళు. పలచని నీళ్ళే ఎక్కువ పొలమారుతాయి, చిక్కటి జావ నిదానంగా దిగుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో. మింగిందని చూశాకే రెండో చెంచా. చెయ్యి మళ్ళీ జారడం మొదలైతే గిన్నెలో సగం మిగిలినా ఆపెయ్యాలి. ఎనిమిది గంటలు దాటినా ఒంటేలుకి వెళ్ళకపోతే సెలైన్‌కి తీసుకెళ్ళాలి.

అటాకుల్ని పిలిచేవి పిల్లకో రకం, అయినా విశాఖలో వేడీ నీళ్ళూ వెలుతురూ ముందు వరసలో ఉంటాయి. స్నానం గోరువెచ్చటి నీళ్ళతో, త్వరగా. తల మీద ఒక్కసారి చెంబు కుమ్మరించకూడదు. ఆర్కే బీచ్‌కి పొద్దున్నే వెళ్ళండి, సూర్యుడు నీళ్ళ మీద మెరవకముందే. టోపీ, నల్ల కళ్ళద్దాలు. అలల్లో దింపడం మాత్రం వద్దు, చల్లటి నీళ్ళూ సంబరమూ రెండూ ఒకేసారి. సింహాచలం చందనోత్సవం క్యూ, దీపావళి రాత్రి, పెళ్ళిలో బ్యాండు... వెళ్ళాలంటే మధ్యాహ్నం పడుకోబెట్టి తీసుకెళ్ళడమే మార్గం. సంతోషం కూడా అటాక్ తెస్తుందని మొదట ఎవరికీ మనసొప్పదు. పుట్టినరోజులు మానక్కర్లేదు, పొడుగు తగ్గిస్తే చాలు.

క్యాజువాలిటీకి వెళ్ళాల్సినవి: ఫిట్స్ ఐదు నిమిషాలు దాటడం, పెదాలు నీలం కావడం, ఆక్సిజన్ 92 కన్నా తగ్గడం, పిలిస్తే పలకకపోవడం, బాగా నిద్రపోయి లేచినా చెయ్యి కాస్త కూడా తిరిగి రాకపోవడం. వెంట ఒక కాగితం ఉండాలి, న్యూరాలజిస్ట్ సంతకంతో: జబ్బు పేరు, జన్యు మార్పు, వాడే మందులు, మొదట ఏం ఇవ్వాలి, ఏవి వరసగా ఇవ్వకూడదు. అది లేకపోతే రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళు ఫిట్స్ అనుకుని ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ ఇస్తారు, పడిపోయిన చెయ్యి లేవదు సరికదా ఊపిరి తగ్గుతుంది. ఈసీజీ కూడా అప్పుడప్పుడు తీయించాలి. పైన చెప్పిన సోడియం పంపు గుండెలోనూ ఉంది, కొందరిలో లయ తేడా వస్తుంది.

వికలాంగ సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ తీసుకునేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఆ రోజు పాప పరిగెడుతూ ఉండొచ్చు. వీడియోలు, క్యాలెండర్ నకళ్ళు, జన్యు రిపోర్టు ఒకే ఫైలులో పెట్టుకెళ్ళండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దీర్ఘకాలిక నరాల జబ్బులు ఒక విభాగంగా ఉన్నాయి, ఆ విభాగం కింద చూడమని అడగండి. జన్యు రిపోర్టు, కౌన్సెలింగ్ కోసం హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి నడిపే అరుదైన జబ్బుల కేంద్రం ఉంది.

ఇంతకీ తగ్గుతుందా అని అందరూ అడుగుతారు. అటాక్ తగ్గుతుంది, దాదాపు ప్రతిసారీ. జబ్బు ఉంటుంది. కొందరిలో వయసుతో చెయ్యి పడిపోవడాలు పలచబడతాయి, మాటా చదువూ తూలుడూ మీద పని మాత్రం ఏళ్ళ తరబడి సాగాలి. అందుకే అటాక్ లేని రోజుల్లో ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ మానకూడదు. అటాక్ మర్నాడు మాత్రం వదిలెయ్యండి, అలసట మళ్ళీ తెస్తుంది.

స్కూల్లో టీచరుకి మేం చెప్పింది మూడే మాటలు. ఆటల పీరియడ్ మాన్పించకండి, నీడలో ఆడనివ్వండి. చెయ్యి జారితే నోట్లో నీళ్ళు పొయ్యకుండా స్టాఫ్‌రూమ్‌లో చాప మీద పక్కకి తిప్పి పడుకోబెట్టండి. పడుకుందో లేదో చూసి, ఆ తర్వాతే మాకు ఫోన్ చెయ్యండి.