మూడో జాము ఎవరిది?

కాకినాడ నుంచి అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) నేరుగా గీత గీస్తే దాదాపు 690 నాటికల్ మైళ్లు. మా తెరచాప పడవ సగటున 5 నాట్ల వేగం, అంటే గంటకు 5 నాటికల్ మైళ్లు, అందుకుంటే ఆరు రోజుల దారి. తుపాన్ల కాలం దాటాక, జనవరిలో, ఈశాన్య గాలి ఎడమ పక్క నుంచి తగులుతుండగా బయలుదేరాలని కోరిక. తాళ్లరేవులో వడ్రంగం పని పూర్తయింది. మిగిలింది కాపలా వంతుల లెక్క, అంటే ఎవరు ఎప్పుడు మేలుకుని చుక్కాని పట్టాలన్నది. దాన్ని పరీక్షించడానికే హోప్ ఐలాండ్ దాటి రెండు రాత్రులు సముద్రంలో తిరిగి వచ్చాం.

మామయ్య, బావ, తమ్ముడు, నేను. రోజుకు ఎనిమిది జాములు, మనిషికి రెండేసి. ఇంత సులువైన పంపకం ఇంకోటి ఉండదనుకున్నాను. కానీ ఎనిమిది నలుగురికీ సరిగ్గా సరిపోతుంది కాబట్టి ఎవరి జాము రోజూ వారికే తిరిగి వస్తుంది. రాత్రి 12 నుంచి 3 దాకా ఉండే మూడో జాము రెండు రాత్రులూ తమ్ముడికే పడింది. రెండో రాత్రి తెరచాప టపటపా కొట్టుకుంటుంటే మెలకువ వచ్చి పైకి వెళ్లాను. చుక్కాని కర్ర మీద చెయ్యి అలాగే ఉంది, తల వాలిపోయింది. పడవ గాలికి ఎదురు తిరిగింది. కుడివైపున, మరీ దూరంగా కాదు, వల వేసుకున్న మరపడవ దీపం. తప్పు వాడిది కాదు, నేను వేసిన లెక్కది.

నౌకాదళ ఓడల సంప్రదాయంలో నాలుగేసి గంటల వంతులు ఉంటాయి. సాయంత్రం 4 నుంచి 8 దాకా ఉన్న వంతును రెండుగా చీలుస్తారు, ఆరు వంతులు ఏడవుతాయి, దాంతో మనుషుల వంతులు రోజూ జరుగుతుంటాయి. నేనూ అదే చేశాను: మధ్యాహ్నం 3 నుంచి 6 దాకా ఉన్న జామును 4:30 దగ్గర చీల్చాను. ఇప్పుడు తొమ్మిది వంతులు. నిన్న మూడో జాము చేసినవారికి ఇవాళ రెండోది, రేపు తొలి జాము, ఎల్లుండి వేకువ జాము. నడుమ విశ్రాంతి ఎక్కువగా 9 గంటలు, తక్కువలో తక్కువ 6.

పట్టిక వేశాక ఇంకో మేలు కనిపించింది. 3 గంటలకు చిన్న వంతు ఎక్కేవారికి ఆ రోజు మొత్తం కాపలా నాలుగున్నర గంటలే. వంట వారికి అప్పగించాం. అన్నం, పప్పు ఎవరు వండాలన్న పేచీ అక్కడితో తీరింది.

మామయ్య చేర్చిన నియమం నాకు అన్నిటికంటే నచ్చింది. "దిగేవాడు వెంటనే దిగకూడదు నాయనా, ఎక్కినవాడి కళ్లు చీకటికి అలవాటు పడాలి" అన్నారు. అందుకని వంతు మారేటప్పుడు ఇరవై నిమిషాలు ఇద్దరం పైనే ఉంటాం. తెల్ల టార్చి వెలిగించం, ఎర్ర కాగితం చుట్టినదే. దిగేవారు ఒక్కో దీపాన్నీ వేలితో చూపించి అది ఎటు కదులుతోందో చెప్పాలి. ఒంటరిగా ఉన్నవారు నడుముకు తాడు లేకుండా ముందు భాగానికి వెళ్లకూడదు. ఓడ దగ్గరపడితే మొహమాటపడకుండా ఇంకొకరిని లేపాలి.

పట్టికను సుద్దతో చెక్క మీద రాసి మెట్ల పక్కన బిగించాను. అమావాస్య దగ్గర చూసుకుని ఈసారి మూడు రాత్రులు వెళ్తున్నాం. మొదటి రాత్రి మూడో జామును నేనే అడిగి తీసుకున్నాను.