గుండెలో మచ్చ కట్టేదాకా
గుండె దడ తగ్గడానికి చేసే మేజ్ అనే ఆపరేషన్ అయ్యాక కూడా దడ వచ్చిందంటే పడ్డ కష్టమంతా వృథా అయిందనిపిస్తుంది. నాకూ వచ్చింది. ఇప్పుడు ఆ దశలో ఉండి, రాత్రిళ్లు నాడి పట్టుకుని కూర్చుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నాది ఎట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పై గదులు, అంటే కర్ణికలు, సరిగా ముడుచుకోకుండా వణుకుతూ ఉంటాయి. నాడికి ఒక లయంటూ ఉండదు. మెట్లెక్కితే ఆయాసం, ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే ఛాతీలో ఒకటే దడదడ. మొదట గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు ఇచ్చారు, ఆ తర్వాత లయను నిలబెట్టే అమియోడరోన్. అది కొన్నాళ్లు బాగానే ఆపింది. తర్వాత దడ తిరిగొచ్చింది, థైరాయిడ్ కూడా దెబ్బతింది. ఆ మందు వాడేవాళ్లు థైరాయిడ్, కాలేయం పరీక్షలు మానొద్దు. దీనికితోడు గుండెలో ఎడమ పక్క పై గదికీ కింది గదికీ మధ్య ఉండే నా మైట్రల్ కవాటం లీకవుతోంది. దాన్ని బాగుచేయడానికి ఎలాగూ ఛాతీ తెరవాలి కనుక, అప్పుడే మేజ్ కూడా చేసేద్దామన్నారు సర్జన్ గారు.

మేజ్‌ను 1987లో జేమ్స్ కాక్స్ అనే అమెరికన్ సర్జన్ మొదటిసారి చేశారు. అప్పట్లో కర్ణిక గోడను కోసి, మళ్లీ కుట్టేవారు. కుట్టిన చోట మచ్చ కడుతుంది, మచ్చలోంచి విద్యుత్ సంకేతం దాటదు. పొలంలో గట్లు వేసి నీళ్లను మళ్లించినట్టు, అడ్డదిడ్డంగా తిరిగే సంకేతాలకు దారులు మూసి, అసలు సంకేతానికి ఒక దారి మాత్రం వదులుతారు. ఇప్పుడు ఆ గీతల్లో చాలావాటిని కోయకుండా, గోడను అతి చల్లదనంతో గడ్డకట్టించి వేస్తున్నారు. నైట్రస్ ఆక్సైడ్‌తో చల్లబడే సన్నటి ప్రోబును గోడకు ఆనించి, సుమారు మైనస్ 60 డిగ్రీల దగ్గర ఒక్కో గీతకు రెండు నిమిషాల చొప్పున ఉంచుతారు. కణాల్లో మంచు స్ఫటికాలు ఏర్పడి అవి చచ్చిపోతాయి. కానీ వాటిని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్ అల్లిక చాలావరకు చెడదు, కాబట్టి గోడ బలం పోదు. సంతకం పెట్టే ముందు నాకు ధైర్యమిచ్చింది ఈ ఒక్క విషయమే. రక్తం గడ్డలు ఎక్కువగా ఏర్పడే ఎడమ కర్ణికలోని చిన్న సంచిని కూడా అప్పుడే మూసేశారు.

ఐసీయూ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. దగ్గు వస్తే మాత్రం దిండును ఛాతీకి గట్టిగా అదుముకోండి. చాలా తేడా ఉంటుంది.

ఇంటికొచ్చి కాస్త నడక మొదలుపెట్టాక, ఒక సాయంత్రం మళ్లీ అదే దడ. మా ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఈసీజీలో ఫిబ్రిలేషనే. సర్జన్ గారు మాత్రం కంగారు పడలేదు. గడ్డకట్టించిన చోట ముందు వాపు ఉంటుంది, వాపున్న కండరం చిరాకు పడుతుంది, అసలు మచ్చ గట్టిపడటానికి వారాలు పడుతుంది, అందుకే మొదటి మూడు నెలల్లో వచ్చే దడను బట్టి ఫలితం తేల్చరు అన్నారు. మత్తిచ్చి షాక్‌తో లయను దారికి తెచ్చారు. ఆ తర్వాత ఇంకొన్ని సార్లు కాసేపు వచ్చి పోయింది, క్రమంగా రావడం మానేసింది. ఆ రోజుల్లో భయం తగ్గిందని అబద్ధం చెప్పను. కానీ కారణం తెలిసిన భయాన్ని మోయగలిగాను.

మూడు నెలలు దాటాక పెట్టిన హోల్టర్‌లో, అంటే ఒంటికి తగిలించుకుని తిరుగుతుండగానే ఈసీజీ నమోదు చేసే పరికరంలో, సైనస్ లయే, అంటే గుండె సహజ లయే ఉంది. అమియోడరోన్ ఆపేశారు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మాత్రం ఇంకా సాగుతోంది, రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే ఐఎన్ఆర్ పరీక్ష ఫలితం 2కీ 3కీ మధ్య ఉంచమన్నారు. సంచి మూసేశారు కదా, లయ బాగుంది కదా అని దాన్ని సొంతంగా మానేయకండి. ఆ నిర్ణయం డాక్టరుదే. ఇక మూడు నెలల లెక్క అన్నిటికీ వర్తించదు: దడతో పాటు స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మాట తడబడినా, జ్వరం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.