అమృతాంజనం ఘాటు తెలిస్తే వాసన వచ్చేసినట్టేనా?

2021 సెకండ్ వేవ్‌లో నాకు కోవిడ్ వచ్చి వాసన పోయింది. ముక్కు దిబ్బడ లేదు, గాలి బాగానే ఆడుతోంది, కానీ పక్కనే ఇంగువ పోపు పెట్టినా ఏమీ తెలియదు. ఆవకాయ నంజుకుంటే ఉప్పు, పులుపు, మంట నాలుకకి తగులుతున్నాయి, మామిడీ నువ్వులనూనే మాత్రం మాయం. అమ్మ అమృతాంజనం సీసా మూత తీసి ముక్కు కింద పెట్టింది. చల్లగా, ఘాటుగా తగిలిందన్నాను. "అయితే వాసన పోలేదులే, టెన్షన్ పడకు" అని తేల్చేసింది.

ఆ పరీక్ష చెల్లదు. మెంథాల్ చల్లదనం, మిరపకాయలు వేయిస్తే వచ్చే ఘాటు, ఉల్లిపాయ తరిగితే కళ్ల మంట, ఇవి మెదడుకి చేరేది వాసన నరం ద్వారా కాదు, ముఖానికి స్పర్శ తెలిపే ట్రైజెమినల్ నరం ద్వారా. చూడాలంటే కాఫీ పొడి చూడండి, ఒంటి సబ్బు చూడండి.

మామూలు జలుబులో ఎక్కువగా జరిగేది అడ్డుపడటమే. లోపల వాచి, చీమిడి పట్టి, గాలి పైదాకా వెళ్లదు. కోవిడ్‌ది వేరే కథ. వాసన పట్టే పొర ముక్కు లోపల బాగా పైన, కళ్ల మధ్య ఎత్తులో ఉంటుంది. వైరస్ లోపలికి దూరడానికి వాడుకునే ఏసీఈ2 అనే ప్రోటీన్ అక్కడి నరాల కణాల మీద కాదు, వాటిని సాకే సహాయక కణాల మీద ఉందని 2020లోనే పరిశోధకులు చూపించారు. ఆ సహాయక కణాలు దెబ్బతినేసరికి నరాల కణాలు బతికున్నా పని చెయ్యవు. అడుగున ఉండే మూలకణాలు ఆ పొరని మళ్లీ కట్టుకొస్తాయి కాబట్టే చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగొస్తుంది. కొందరికి మాత్రం వంకరగా వస్తుంది, కాఫీ, ఉల్లి, వెల్లుల్లి కుళ్లు కంపు కొడతాయి. విసుగే గానీ, చాలాసార్లు అది కోలుకోవడంలో భాగమే.

ఆవిరి పడితే దిబ్బడ వదులుతుందేమో, పోయిన వాసన రాదు (దానికోసం మొహం కాల్చుకున్నవాళ్లూ ఉన్నారు). కాస్త ఆధారం ఉన్నది వాసన సాధన. జర్మనీలో డ్రెస్డెన్‌కి చెందిన థామస్ హుమ్మెల్ బృందం 2009లో గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ వాసనల్ని రోజుకి రెండుసార్లు చొప్పున 12 వారాలు చూపిస్తే కొందరికి మెరుగైందని ప్రకటించింది. మనింట్లో పన్నీరు, నిమ్మతొక్క, లవంగాలు, నీలగిరి తైలం చాలు. నెల దాటినా మార్పు లేకపోతే ఈఎన్టీ డాక్టర్ని కలవండి.

ఈలోగా ఒంటరిగా ఉండేవాళ్లు గ్యాస్ దగ్గర జాగ్రత్త. లీకైతే తెలియాలని సిలిండర్లో కలిపేది ఆ కంపే, అది మీకు తెలియదు. పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయండి.