బ్రష్షు మోటారు, ఐదో ప్రయత్నం: పంటికి ఆనించగానే నీరసం

నిన్న రాత్రి పదకొండింటికి విసుగొచ్చి స్క్రూడ్రైవరు బల్ల మీద పడేశాను. ఇంట్లోనే మూడు రకాల మోటార్లతో బ్యాటరీ పళ్ల బ్రష్షులు చేస్తున్నాను. వాటిలో ఒకటి గాలిలో తుమ్మెదలా ఝుమ్మంటుంది కానీ, పంటికి తగలగానే చతికిలబడుతోంది.

మిగతా రెండూ పూర్తయ్యాయి. ఇరుసుకు ఒక పక్క బరువు తగిలించిన ఫోను మోటారు చవకే కానీ, కుచ్చు కంటే నా అరచెయ్యే ఎక్కువ అదిరింది. గేర్ల మోటారు, గుండ్రని తల బాగా తిరుగుతోంది. చప్పుడు మాత్రం పిండి మరదే.

మొండికేసింది తీగచుట్ట, అయస్కాంతం, ఉక్కు బద్దతో చేసిన అనునాదం రకం, అంటే బద్ద తన సహజ లయలో తోస్తేనే పెద్దగా ఊగేది. సోనికేర్ అనే కరెంటు బ్రష్షుల వాళ్లు చెప్పే నిమిషానికి 31,000 ఊపులంటే సుమారు 258 హెర్ట్జులు (సెకనుకు 258 ఆవర్తనాలు, అంటే పోయి రావడాలు), ఎందుకంటే ఒక్కో ఆవర్తనానికి రెండు ఊపులు లెక్క. నాది 252 దగ్గర పలికింది. కొలవడానికి తల వెనుక రెండు సెంటీమీటర్ల కొబ్బరి ఈనె అంటించి, గ్రాఫు కాగితం ముందు పెట్టి, ఎల్ఈడీని 251 హెర్ట్జులతో మెరిపించాను. రెంటికీ తేడా ఒక్క హెర్ట్జే కాబట్టి ఈనె సెకనుకు ఒక్కసారే ఊగినట్టు తీరిగ్గా కనిపిస్తుంది. "నాలుక గీసుకునే ఈనెతో ఈ ఆటలేమిటిరా" అని అమ్మ.

గాలిలో ఊపు 4.5 మిల్లీమీటర్లు. వంటింటి త్రాసు మీద 100 గ్రాముల ఒత్తిడితో 2 మిల్లీమీటర్లు, 150 గ్రాములకు 0.8. బ్యాటరీ కుంగుతోందనుకున్నాను, 3.9 వోల్టులు ఒత్తినప్పుడూ దాదాపు కదల్లేదు. బద్ద బిగింపు వదులేమోనని మరలు మళ్లీ బిగించాను, పెద్దగా తేడా రాలేదు. అయస్కాంతం బలహీనమేమోనని ఇంకొకటి అతికించాను. బరువు పెరిగి అసలు పౌనఃపున్యమే (సెకనుకు ఎన్ని ఆవర్తనాలన్న లెక్కే) పడిపోయింది, పీకేశాను.

చివరికి 150 గ్రాములు ఒత్తి పట్టుకునే 240 నుంచి 280 దాకా ఒక్కో హెర్ట్జు పెంచుతూ పోయాను. 266 దగ్గర ఊపు 2.6కి లేచింది! మోటారు బలహీనం కాదన్నమాట. నొక్కిన కుచ్చు తానూ ఒక స్ప్రింగయి బద్దకు తోడవుతోంది. 266ను 252తో భాగించి వర్గం చేస్తే 1.11, అంటే పదకొండు శాతం గట్టిదనం పెరిగింది. నేనేమో 252 దగ్గరే మొండిగా కొడుతున్నాను.

తల మారిస్తే ఇంకో గొడవ: 0.2 గ్రాముల బరువు ఎక్కువున్న తలకు 244కే దిగింది. కాబట్టి ఒకే పౌనఃపున్యాన్ని బిగించి వంద బ్రష్షులు తయారుచేసేవాళ్లు ఒక్కోదాన్నీ విడిగా సరిచేయాలి, లేదా మోటారే తన ఊపును వెతుక్కోవాలి. తక్కువ ధరలో చేయాలంటే గేర్ల మోటారే నయమని ఇప్పటికీ నా అభిప్రాయం, అది ఒత్తిడికి అంత బెదరదు.

ఆదివారం పని: రెండు తోపుల మధ్య కరెంటు ఆపి, అయస్కాంతం ఊగడం వల్ల తీగచుట్టలో పుట్టే వోల్టేజీని చదివి పౌనఃపున్యాన్ని సర్దడం. ఈ కోనసీమ తేమకు బద్ద వారంలోనే తుప్పు పట్టింది కాబట్టి స్టెయిన్‌లెస్ బద్ద కోసం పాలకొల్లు వెళ్లాలి. వస్తూ అమ్మ కోసం గేర్ల బ్రష్షుకు మెత్తటి కుచ్చు కూడా తేవాలి.