కూవాగంలో చెల్లి మెడలో తాళి

ఈసారి చిత్ర పౌర్ణమికి చెల్లి తమిళనాడులోని కూవాగం గుడిలో మొక్కు తీర్చుకుంటానంటే నేనూ బయల్దేరాను. ఇంట్లో మగపిల్లాడిగా పెరిగిన నా చెల్లి. తిరుపతి నుంచి విల్లుపురం దాకా రైలు, అక్కడి నుంచి ఉళుందూరుపేట వైపు బస్సు. పండుగ రోజుల్లో విల్లుపురం లాడ్జీల నిండా తిరునంగైలే. తమిళులు ట్రాన్స్ మహిళలను అలాగే పిలుస్తారు.

కూవాగంలో కొలిచే కూత్తాండవర్ ఎవరో కాదు, అర్జునుడికీ ఉలూపికీ పుట్టిన ఇరావంతుడు. మనం విన్న భారతంలో అలంబుసుడి చేతిలో చనిపోతాడు. తమిళుల కథలో మాత్రం పాండవుల గెలుపు కోసం కాళికి బలి కావడానికి ఒప్పుకుని, ఆలోగా పెళ్లి కావాలంటాడు. తెల్లారితే తాళి తెంచుకోవాల్సిన పెళ్లికి పిల్లనెవరిస్తారు? కృష్ణుడే మోహినిగా వచ్చి చేసుకుంటాడు. అందుకే తిరునంగైలంతా ఆ రాత్రి పెళ్లికూతుళ్లు.

గుడిలో తోపులాట. పూజారి వచ్చినవాళ్లకు వచ్చినట్టు పసుపుతాడు కడుతున్నాడు, ఎవరినీ ఏమీ అడగడం లేదు. మా ముందు లుంగీ కట్టుకున్న ఒక రైతు కూడా తాళి కట్టించుకున్నాడు. పక్కనే ఆయన భార్య, ఒళ్లో బిడ్డ. అదేమిటంటే, మొక్కు అన్నారు. అంతే, ఇంకెవరికీ సందేహం లేదు. మొక్కు అనే మాటకు మన ఊళ్లలో ఉన్న పరపతి ఏ చట్టానికీ లేదు. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించింది. 2019 చట్టం కింద వచ్చిన గుర్తింపు కార్డు చెల్లి పర్సులోనే ఉంది. అమ్మ దాన్ని కరెంటు బిల్లు చూసినట్టు చూసి పక్కన పెట్టింది.

గుడి దాటితే ఆ గౌరవం ఉండదు. తాగి వచ్చి మీద మీద పడే మగాళ్లు అక్కడా ఉన్నారు.

మర్నాడు రథం కదిలాక ఏడుపులు మొదలయ్యాయి. తాళ్లు తెంపుతున్నారు, గాజులు పగలగొడుతున్నారు. నాకు కోపం వచ్చింది. మా పెద్దమ్మకు ఇదే తంతు చేయబోతే అడ్డుపడిన దాన్ని నేను. ఆడదాన్ని అణిచే ఆచారమే ఇక్కడ వీళ్లకు ఆడదానిగా గుర్తింపు ఇస్తోంది! అదీ భార్యగానో విధవగానో అయితేనే. మా పిన్ని కొడుకుకు మగవాడే ప్రాణం. 2018లో సుప్రీంకోర్టు అది నేరం కాదంది కానీ, 2023లో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు. వాడి కోసం ఏ గుడిలోనూ ఇలాంటి తాళి లేదు.

అంతలో అమ్మ ఫోన్. "తాళి తెంపించుకోకుండా వచ్చెయ్యమను దాన్ని, అమంగళం," అంది. చెల్లి ఫోన్ లాక్కుని, "మొక్కు సగంలో ఆపకూడదమ్మా," అని వెళ్లి వరసలో కూర్చుంది.

చెల్లిని ఇంటికి రమ్మని అమ్మ ఇంకా పిలవలేదు. శ్రావణంలో తమ్ముడి పెళ్లి. శుభలేఖలో చెల్లి పేరు వేయించాలని నేను పట్టుబడుతున్నాను. నాన్న ప్రెస్సుకు వెళ్లడం వాయిదా వేస్తున్నారు.