పది అంటే ఏ పది?

పోయిన సోమవారం మా సీనియర్ నా వెనక నిలబడి, స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఈ పది గంటలు అంటే ఏ పది?" అని అడిగాడు. గొంతు పెంచలేదు. డెన్మార్క్‌లో మా ఆఫీసులో ఎవరూ పెంచరు, ఒళ్లు మండేది అందుకే.

గాలి వేగాన్ని ఇక్కడ 10 నిమిషాలకోసారి సగటు కట్టి రాస్తారు. మా కొలత స్తంభం మీది లాగర్ (కొలతలు రాసిపెట్టే పరికరం) ఆ పది నిమిషాలు అయిపోయాక టైమ్ వేస్తుంది, అంటే దాని 10:00 అంటే 9:50 నుంచి 10:00 దాకా. టర్బైన్ (గాలిమర) కరెంటు లెక్కల ఫైల్లో మాత్రం మొదలైన టైమ్ వేశారు, 10:00 నుంచి 10:10 దాకా. నేను పదికి పది కలిపేశాను. ముందు వీచిన గాలికి తర్వాత పుట్టిన కరెంటు అంటగట్టానన్నమాట. గాలి నిలకడగా ఉన్న రోజు ఇది బయటపడదు. గాలి మారే గంటల్లో మాత్రం గ్రాఫ్‌లో చుక్కలన్నీ చెల్లాచెదురు, పైగా వేగం రెట్టింపైతే గాలిలో శక్తి 8 రెట్లవుతుంది కాబట్టి చిన్న తేడా చిన్నగా ఊరుకోదు.

తప్పు నాదే. కానీ వెళ్తూ వెళ్తూ "మీ దేశంలో టైమ్‌ని కాస్త వదులుగా చూస్తారు కదా" అని నవ్వాడు. వారం నుంచి ఆ మాటతోనే లోపల్లోపల పోట్లాడుతున్నాను. మాది బరంపురం. వీధిలో ఒరియా, ఇంట్లో తెలుగు, గోడకి తెలుగు క్యాలెండర్. వర్జ్యం చూడకుండా మామ్మ గడప దాటనిచ్చేది కాదు. వర్జ్యానికి నుంచి, వరకు రెండూ ఉంటాయి. తిథికి అయిపోయే టైమే వేస్తారు, అచ్చం మా లాగర్ లాగే! నాకు నేర్పేది వీళ్లా? (నేర్చుకున్నాననుకోండి, అది వేరే సంగతి.)

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఇంట్లోనే ఉన్నాను. దాని గరిష్ఠ వేగం మన వాతావరణ శాఖ లెక్కలో గంటకు 215 కిలోమీటర్లు, అమెరికా వాళ్ల లెక్కలో 260. మనవాళ్లు తగ్గించి చెప్తున్నారని మా వీధిలో ఒకటే గోల, నేనూ అరిచాను. మనది 3 నిమిషాల సగటు, వాళ్లది 1 నిమిషం సగటు అని అప్పుడు మాకెవరికీ తెలీదు. వ్యవధి తగ్గేకొద్దీ గరిష్ఠం పెద్దదిగా కనిపిస్తుంది. అంచనాల్లో వేరే తేడాలూ ఉన్నాయి గానీ, ఇదొక్కటి తెలిసినా కొంత నోరు నొప్పి తప్పేది. అయినా మా పెరటి రేకులు లేపేసింది ఏ సగటూ కాదు, రెండు మూడు సెకన్ల విసురు.

నిన్న భోజనాల దగ్గర ఉండబట్టలేక సీనియర్‌కి పంచాంగం గురించి మొదలెట్టాను. శ్రద్ధగా విన్నాడు, మెచ్చుకున్నాడు కూడా. తర్వాత, తిథి నిడివి ఎంత అన్నాడు. ఒక్కోటి ఒక్కో రకం, ఇరవై గంటలుండొచ్చు, ఇరవయ్యారూ ఉండొచ్చు అన్నాను.

కాఫీ కప్పు కింద పెట్టేశాడు.