పొడుగు ఒక్కటే చాలదు

ఒకసారి మా బాస్కెట్‌బాల్ టీమ్‌లో పొడుగ్గా ఉన్న ఐదుగురినీ ఒకేసారి దింపాం. రీబౌండ్లన్నీ, అంటే బుట్టలో పడకుండా వెనక్కొచ్చే బంతులన్నీ, మావే అనుకున్నాం గానీ, అవతలి పొట్టి గార్డు ఒక్కడు బంతిని నేలకి అంటించినట్టు కొట్టుకుంటూ మా మోకాళ్ల పక్కనుంచి దూరిపోతుంటే, వెనక్కి తిరిగేలోపే బుట్ట దగ్గరకెళ్లి వేసే లేఅప్ షాట్ అయిపోయేది.

అప్పట్నుంచి ముందు బంతి నడిపే గార్డునీ, బుట్ట దగ్గర కాపు కాసేవాణ్నీ ఎంచుకుంటా. మిగతా ముగ్గురిలో ఇద్దరికైనా దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్ పడాలి, లేకపోతే డిఫెండర్లంతా లోపలే గుమిగూడతారు.

బుట్ట దగ్గర కాపు కాసే ఆ సెంటర్‌కి ఏడడుగులు ఉండాల్సిందేనా? అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2015 ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ టీమ్ నాలుగో మ్యాచ్‌ నుంచి తమ సెంటర్ ఆండ్రూ బోగట్‌ని బెంచి మీద కూర్చోబెట్టి, ఆరడుగుల ఆరంగుళాల డ్రేమండ్ గ్రీన్‌ని సెంటర్‌గా ఆడించి టైటిల్ కొట్టారు. కాకపోతే అతని చేతులు బాగా పొడవు. అది మర్చిపోయి నేనూ మా పొట్టి ఫార్వర్డ్‌ని అక్కడ నిలబెట్టా... పాపం, మ్యాచంతా మోచేతి దెబ్బలు తిన్నాడు.